పంతులుగారి ముదిమి ఎవరి పూచీ?

ఒక దేశము తన బడిపంతులను ఎంతమాత్రము గౌరవించుచున్నదో తెలిసికొనగోరువారు సెప్టెంబరు 5వ తేదీన వేయబడు పూలదండలను లెక్కింపనక్కఱలేదు. ఆ పంతులు తన 61వ యేట బడి విడిచి ఇంటికి వచ్చిన పిమ్మట, మఱుసటి నెల మొదటి తేదీన అతని చేతికేమి వచ్చుచున్నదో కనుగొనిన చాలును. దండ ఒక్క దినమున వాడిపోవును. ముదిమి ఇరువది యేండ్లుండును. మన తెలుగునాట ఈ సెప్టెంబరు మాసమునకు మఱియొక తేదీ కూడ కలదు. 1వ తేదీని వేలకొలది ఉపాధ్యాయులును ఇతరోద్యోగులును "పెన్షన్ విద్రోహ దినము"గా పాటించుచున్నారు. నాలుగు దినముల యెడమున ఒకే వృత్తివారు నల్లబ్యాడ్జీలు పెట్టుకొనుటయు శాలువలు కప్పించుకొనుటయు తటస్థించుచున్నది. ఈ వైపరీత్యమునకు కారణమేమి? దీనివలన చెడుచున్నవి పంతుళ్ల కాపురములు మాత్రమేనా, లేక మన బిడ్డల చదువులు కూడనా? ఈ ప్రశ్నలను పాఠకమహాశయుల యెదుట నుంచుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మేము జగిత్యాల జిల్లాలో రాయికల్ ప్రాంతమున బడిచెప్పి బ్రతుకువారము. క్రొత్త పెన్షను నిబంధనలకు లోబడినవారము కూడ. కావున నిందు మాకు స్వార్థమున్నదని యెవరైన ననినచో కాదనము. స్వార్థమున్నంతమాత్రమున వాదము అబద్ధమగునా? ముల్లు గ్రుచ్చుకొనినవాడు గాక మఱియెవడు నొప్పిని చెప్పును? వాదమును వాదముగా తూచి చూడుడని మాత్రమే మా కోరిక.

ముందుగా సంగతులు చెప్పుదము. కేంద్రప్రభుత్వము 2004 జనవరి 1వ తేదీనుండి కొలువున చేరువారికి, సైనికులను మినహాయించి, పాతపెన్షను లేదనెను. నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము అదే బాటబట్టి, 2004 సెప్టెంబరు 1వ తేదీనుండి చేరువారికి క్రొత్తపద్ధతి వర్తించునని ఆ నెలలోనే ఉత్తర్వులు వెలువరించెను. 2014 జూన్ 2న తెలంగాణము వేఱు రాష్ట్రమైన తరువాతను ఆ గీత చెఱిగిపోలేదు. ఆగస్టు 31న చేరినవానికొక ధర్మము, మఱునాడు చేరినవానికి వేఱొక ధర్మము. ఇద్దఱును ఒకే గదిలో కూర్చుందురు, ఒకే సుద్దముక్కతో వ్రాయుదురు, ఒకే పదవతరగతి పిల్లల ఫలితములకు ఒకే అధికారికి జవాబు చెప్పుదురు. ముసలితనమున మాత్రము ఒకడు సర్కారు పూచీ, రెండవవాడు విపణి పూచీ.

ఇంతకంటె విచిత్రమైనది 2003వ సంవత్సరపు డి.ఎస్.సి. వారి గతి. కొలువుల ప్రకటన వెలువడినది 2003లో. నియామకములలో జాగుచేసినది ప్రభుత్వము. ఆ జాగులో 2004 సెప్టెంబరు 1 దాటిపోయినది. నష్టము మాత్రము పంతుళ్లకు వచ్చినది. 2003 డిసెంబరు 22కు ముందు ప్రకటింపబడిన ఉద్యోగములలో పిదప చేరినవారు పాతపెన్షనును కోరుకొనవచ్చునని కేంద్రప్రభుత్వము తనవారికి 2023 మార్చి 3వ తేదీన అవకాశమిచ్చెను. ఆ న్యాయమే తమకును కావలెనని మన డి.ఎస్.సి. వారు అడుగుచు వచ్చిరి. ఇందు అత్యాశ యెక్కడ నున్నదో మాకు తోచదు.

పాతపద్ధతి యెట్టిది? 1980వ సంవత్సరపు పెన్షను నియమావళి ననుసరించి, పూర్తిసేవ, అనగా 33 ఏండ్ల సేవ, చేసినవానికి తుదిజీతములో సగము యావజ్జీవము లభించును. సేవ తగ్గినచో ఆ పాలున పెన్షనును తగ్గును. ధరలు పెరిగినప్పుడు కఱవుభత్యము పెరుగును. అతడు గతించిన పిమ్మట భార్యకు కుటుంబపెన్షను వచ్చును. ఇవిగాక గ్రాట్యుటీ యున్నది, పెన్షనులో కొంతభాగమును ముందుగా నొక్కమొత్తముగ తీసికొను సదుపాయమున్నది, జి.పి.ఎఫ్. అను పొదుపునిధి యున్నది. నైజాం సర్కారునాటి ముసలి కొలువుగాండ్రు "వజీఫా" అని పిలిచినదియు నిట్టిదే. ఆ మాటలో ఊరివారికొక నమ్మకముండెను.

క్రొత్తపద్ధతి యెట్టిది? మూలవేతనమును కఱవుభత్యమును కలిపి అందులో నూటికి 10 పాళ్లు పంతులు జీతమునుండి నెలనెల కోయుదురు. సర్కారు అంతే మొత్తము చేర్చవలెనని మొదటి నిర్ణయము. కేంద్రము తన వాటాను 2019లో 14 పాళ్లకు పెంచెను. ఈ ధనమును పెన్షను నిధుల నిర్వాహకులు ఋణపత్రములందును, కొంత షేర్లయందును పెట్టుదురు. విరమణనాడు పోగైనదానిలో 60 పాళ్లవఱకు చేతికి తీసికొనవచ్చును. కనీసము 40 పాళ్లు పెట్టి ఒక బీమాసంస్థయొద్ద యాన్యుయిటీ కొనవలెను. ఆ సంస్థ నెలనెల ఇచ్చునదే పెన్షను. ఎంత యిచ్చును? చేరిననాడు ఎవడును చెప్పలేడు. ఎంత కోయుదురో స్పష్టముగ వ్రాసిన శాసనము, ఎంత యిత్తురో వ్రాయలేదు.

లెక్కవేసి చూతము. ఒక పంతులు ఖాతాలో విరమణనాటికి 50 లక్షలు చేరినవనుకొందము. ఇది తక్కువ మొత్తమని ప్రతిపక్షులు కూడ అనరు. 40 పాళ్లు 20 లక్షలు. నూటికి సాలునకు 6½ రూపాయల చొప్పున యాన్యుయిటీ వచ్చినచో నెలకు 10,833 రూపాయలగును. మిగిలిన 30 లక్షలను పైసయు ఖర్చుపెట్టక బ్యాంకులో అదే వడ్డీకి దాచెననుకొందము, నెలకు 16,250. రెండును కలిపి 27,083. అతని తుది మూలవేతనము 80,000 అనుకొన్నచో, పూర్తిసేవ చేసిన పాతవానికి 40,000 మూలపెన్షనును, దానిపై కఱవుభత్యమును వచ్చును. ఇప్పటికే వ్యత్యాసము పెద్దది. పదియేండ్లు గడచిన తరువాత చూడుడు: పాతవాని భత్యము బియ్యము ధర వెంబడి నడచును, క్రొత్తవాని 10,833 తొలినాడెంతయో పదవయేటను సామాన్యముగ నంతే. 30 లక్షల అసలు వారసులకు మిగులును గదా యందురు. నిజమే. కాని ఆ అసలు మిగులవలెనన్న ముసలివాడు జబ్బుపడరాదు, ఇల్లు కురియరాదు, కూతురి కాన్పు రాకూడదు.

సేవాకాలము కొద్దియైనవారి సంగతి యింకను దయనీయము. మన రాష్ట్రమున ఉపాధ్యాయ నియామకములు ఏటేట జరుగవు. 2017లో నొక ప్రకటన, పిదప 2024 ఫిబ్రవరిలో 11,062 కొలువులకు మఱొక ప్రకటన. నడుమ యౌవనము కరగిపోవును. ఆ జాగు నెఱిగియే ప్రభుత్వము 2024లో గరిష్ఠవయస్సును 46 ఏండ్లకు పెంచెను. 46వ యేట చేరినవాడు 61వ యేట విరమించినచో పదునైదేండ్లు. పదునైదేండ్ల కోతతో ఏ నిధి కూడును? ఆలసించినది సర్కారు; ఆ ఆలస్యమునకు వడ్డీ కట్టునది పంతులు ముదిమి.

పెన్షను అనగా నేమి? ఇది మూలప్రశ్న. కొందఱు దానిని దానమనుకొందురు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో పెన్షను భిక్షము కాదనియు, యజమాని దయాదాక్షిణ్యములపై నాధారపడినది కాదనియు, చేసిన సేవకు ప్రతిగా గడించుకొనిన హక్కనియు తీర్పుచెప్పెను. పెన్షనరులను ఒక తేదీతో రెండు తెగలుగ చీల్చుట సమానత్వమునకు విరుద్ధమనియు ఆ తీర్పే చెప్పినది. అది అప్పటికే పెన్షను పొందుచున్నవారిని గూర్చినదనియు, క్రొత్తగ చేరువారికి క్రొత్తనిబంధన పెట్టు అధికారము ప్రభుత్వమునకు కలదనియు న్యాయవాదులు చెప్పుదురు. చట్టమట్లే యుండుగాక. మేమిచ్చట విచారించుచున్నది ధర్మమును గూర్చి.

ధర్మమును గూర్చి మన పూర్వులు మౌనము వహింపలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజభృత్యుల వేతనములను నిర్ణయించు ప్రకరణమున ఆచార్యులకును విద్వాంసులకును ఇచ్చు దానికి "పూజావేతన"మని పేరు. కొలువులో మరణించినవాని భార్యాపుత్రులకు భక్తవేతనములు చెల్లవలెనని అచ్చటనే విధింపబడినది. శుక్రనీతిసారము ఏ కాలపు గ్రంథమో పండితులు వాదులాడుకొందురుగాక. నలువదియేండ్లు కొలువు చేసినవానికి మఱి సేవ లేకయే యావజ్జీవము సగము వేతనము నీయవలెనని అందు స్పష్టముగ నున్నది. మన నియమావళిలోని సగమే ఆ సగము. ఇది పరదేశమునుండి దిగుమతియైన విలాసమనువారు ఈ గ్రంథములను తిరుగవేయవలెను. పరదేశముల మాటకు వచ్చినను, ముదిమిబీమాను జర్మనీ 1889లో చట్టము చేసెను. ఇంగ్లండు తన బడిపంతుళ్లకు 1918లో విశ్రాంతివేతన చట్టము చేసెను. ప్రపంచము ముందునకు నడచిన దారిని మనము 2004లో వెనుకకు నడచితిమి.

ఇక పంతుళ్ల నిలుకడ విషయము. సర్కారు ఉపాధ్యాయుడు రాజీనామా చేయుట అరుదుగదా, ఇక పెన్షనునకును నిలుకడకును సంబంధమేమి యని కొందఱందురు. చెఱువుకట్ట తెగిననే నీరు పోవునా? ఊట కారినను పోవును. మా యెఱుకలో ఆ ఊట రెండు చోట్ల కారుచున్నది.

మొదటిది, బడిగడప దాటకముందే. జగిత్యాలలోనో కోరుట్లలోనో డిగ్రీ ముగించిన తెలివిగల పిల్లవాడు బి.ఎడ్. చదువుటకు ముందు లెక్కవేసికొనును. కంపెనీ కొలువులోని జీతము పంతులు జీతముకంటె నెక్కువని అతని తండ్రికిని తెలిసియుండెను. "జీతము కొంచెమైనను ముసలితనమునకు దిగులులేదు" అను మాట ఆ తక్కువను పూరించెడిది. అది వ్రాయని ఒడంబడిక. యౌవనమున తక్కువ తీసికొందును, ముదిమిని నీవు చూచుకొనుము అని పంతులు, సరేయని సర్కారు. 2004లో సర్కారు తన సగమును రద్దుచేసికొని, పంతులు సగమును మాత్రము నిలుపుకొనినది. జీతమునకు జీతమే చూచుకొనవలసి వచ్చినప్పుడు బడి యెందుకను ప్రశ్న పుట్టుట వింతకాదు. అట్లు ప్రశ్నించుకొని వేఱు దారి పట్టినవాని పేరు ఏ రాజీనామాల పట్టికలోను కానరాదు.

రెండవది, బడిలో నుండియే వెళ్లిపోవుట. దేహము తరగతిలోను, మనస్సు వేఱొకచోటను. ముదిమి భయము మనిషిని వ్యాపారిగా మార్చును. ప్లాటు కొని యమ్ముట, చీటీలు నడపుట, వడ్డీకి తిప్పుట, సాయంకాలము ట్యూషన్లు. ఇవన్నియు పాతపెన్షనువారిలో లేవని మేమనము. ఆశ యే కాలమునను ఉన్నదే. కాని ఆశపరుని మందలింపవచ్చును. భయపడినవానిని ఏమని మందలింతుము? "నా యనంతరము నా భార్యకెవరు దిక్కు" అనువానికి జవాబు చెప్పలేని సమాజము, అతడు భూమి బేరమాడెనని ఆక్షేపించు అర్హతను కొంత పోగొట్టుకొన్నది.

అమెరికాలో ఈ విషయమును శ్రద్ధగ పరిశీలించిరి. అచ్చటి అనేక రాష్ట్రములలో పంతుళ్ల పెన్షను విలువ తొలియేండ్లలో స్వల్పము. సేవ చివరిభాగమున నిట్టనిలువుగ పెరుగును. అందుచే నడివయస్కులు ఆ శిఖరమువఱకు కొలువును విడువరు. శిఖరము దాటిన వెంటనే విడిచిపోవుదురు. పెన్షను మనిషిని కట్టివేయునని యిట్లు తేలినది. కట్టు మితిమీరినచో పనియందు రోసిపోయినవాడు కూడ తేదీకొఱకు కూర్చుండునను దోషమును అచ్చటివారు చూపిరి, అదియు సత్యమే. క్రొత్తపద్ధతిలో ఎక్కడికి పోయినను ఖాతా వెంటవచ్చును, దానికా గుణమున్నది. కాని వెంట తీసికొనిపోదగిన పెన్షను పోవువానికి మేలు. నిలిచినవానికేమి? మారుమూల పల్లెబడిలో ముప్పది యేండ్లు నిలిచి మూడుతరముల పిల్లలకు అక్షరాభ్యాసము చేసినవాని నిలుకడకు ఈ పద్ధతిలో వెల యేది?

ఇప్పుడు పూర్వపక్షములను విచారింతము.

మొదటి పూర్వపక్షము: ఖజానాలో ధనము లేదు. ఇది తేలికగ త్రోసివేయదగిన మాట కాదు. 1905లో అమెరికా ధనికుడు కార్నెగీ కళాశాలాధ్యాపకులకు ఉచితముగ పెన్షనులిచ్చుటకు కోటి డాలర్ల నిధి నెలకొల్పెను. పదియేండ్లు గడవకముందే అది చాలదని తేలి, 1918లో అధ్యాపకులును వాటా చెల్లించు క్రొత్తసంస్థ నేర్పఱుపవలసి వచ్చెను. పాతపెన్షనునకు మరలిన రాష్ట్రములకు భారము మిక్కిలి పెరుగునని రిజర్వుబ్యాంకు 2023లో హెచ్చరించెను. మనుష్యులిప్పుడు ఎక్కువకాలము జీవించుచున్నారు. పెన్షనరుల సంఖ్య పెరుగుచున్నది. ఇవన్నియు నొప్పుకొందము. ఒప్పుకొనిన పిమ్మట ఒక్కమాట. భారము పెద్దదియైనచో దానిని మోయువాడు బలవంతుడుగ నుండవలెను గదా? పన్నులు వేయగలిగి, ఋణములు తీయగలిగి, చావులేని సర్కారు మోయలేనని చెప్పిన భారమును, ఒక్క దేహమును ఒక్క జీతమును గల పంతులు నెత్తిన పెట్టుట ఏ ఆర్థికశాస్త్రము? విపణి పడిపోయిన సంవత్సరమున విరమించినవాడు చేసిన పాపమేమి? లక్షమందిపై పంచినచో తేలికయగు ప్రమాదమును ఒక్కొక్కరిపై విడివిడిగ పెట్టిరి. బీమాశాస్త్రము నెఱిగినవాడెవ్వడును దీనిని వివేకమనడు. మఱియు ధనములేదను ప్రభువులు తమవిషయమున నట్లు తలంపరు. ఒక్కపర్యాయము ఎన్నికైన శాసనసభ్యుడును పెన్షనున కర్హుడే. దాని విలువను షేర్ల విపణికి విడిచిపెట్టుదమని వారిలో నెవరును ప్రతిపాదింపలేదు.

రెండవ పూర్వపక్షము మా ప్రాంతమువారు వేయునది, అన్నింటికంటె బరువైనది. "కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ పల్లెలలో బీడీలు చుట్టు ఆడువారికి సగము జీతము పెన్షను ఎవరిచ్చుచున్నారు? సిరిసిల్లలో సాంచాలు నడపువారికెవరిచ్చుచున్నారు? గల్ఫులో చెమటోడ్చి యెముకలు మిగిలించుకొని వచ్చినవారికెవరిచ్చుచున్నారు? మీకు మాత్రమెందుకు?" 2014లో 1,000 రూపాయలతో మొదలైన ఆసరా పెన్షను 2019లో 2,016 అయినది. దానితోనే వృద్ధులనేకులు కాలక్షేపము చేయుచున్నారు. వారియెదుట నలువదివేల మాట యెత్తుటకు మాకును నోరాడదు. కాని ఈ ప్రశ్నకు తగిన జవాబు పంతులును 2,016కు దించుట కాదు. బీడీచుట్టిన వ్రేళ్లు వంకరపోయిన తల్లికి ఇంకను మెఱుగైన భృతి కావలెనని యడుగు ధైర్యము, తన ముదిమిని గూర్చి దిగులులేని చదువరికి వచ్చును. ఊరిలో ఒక్కని దీపమార్పినంతమాత్రమున తక్కినయిండ్లలో వెలుతురు పుట్టదు. ఇదిగాక, ఆ తల్లి బిడ్డలు చదువునది సర్కారు బడిలోనే. అచ్చట మంచిపంతులు నిలుచుట అందఱికంటె నెక్కువగ ఆమెకే యవసరము.

మూడవ పూర్వపక్షము: ఒక్కసారిగ లక్షలు చేతికి వచ్చును, అది మేలుకాదా? మన కుటుంబముల నెఱిగినవారీ ప్రశ్న వేయరు. తండ్రి చేతిలో ముప్పది లక్షలున్నవని తెలిసిన యింట ఎన్ని యవసరములు మొలకెత్తును! ఒక కొడుకునకు వ్యాపారము, ఇంకొకనికి వీసా, అల్లునికి బాకీ. ఇచ్చినవఱకు తండ్రి దేవుడు. ఇచ్చిన మఱునాటినుండి పంపకమునకు వచ్చిన పాతసామాను. నెలనెల వచ్చు పెన్షనునకీ యాపద లేదు. దానిని ఎవ్వడును ఒక్కసారి మ్రింగలేడు. మొదటి తేదీకి ముసలివాని గౌరవము మరల జీవించును. మనుమనికి బలపము కొనియిచ్చు చేయి ఖాళీగ నుండదు.

సంస్కారప్రియులగు పాఠకులారా, ఇచ్చట మీరు ప్రత్యేకముగ చిత్తగింపవలసిన విషయమొకటి యున్నది. అది వితంతువు సంగతి. ఆమెకు పునర్వివాహాధికారము కావలెననియు, ఆస్తిహక్కు కావలెననియు మన పెద్దలు పోరాడిరి. ఆ పోరాటముల నడుమ చడిచప్పుడు లేక ఒక చిన్న నియమము వేలకొలది వితంతువులను కాపాడినది. దాని పేరు కుటుంబపెన్షను. బ్యాంకుపుస్తకమున తనపేర నెలనెల కొంతసొమ్ము పడుచుండుటచే, మెట్టెలు తీసిన నాడే వంటయింటిమూలకు నెట్టబడవలసిన స్త్రీ కోడలి యెదుట తలయెత్తి కూర్చుండగలిగినది. క్రొత్తపద్ధతిలో విరమణానంతరము భర్త మరణించినచో, ఆమెకు వచ్చునది ఏ రకపు యాన్యుయిటీ కొనబడినదో దానిపై నాధారపడియుండును; అదియు ధరలతో పెరుగదు. కొలువులో నుండగనే మరణించినవారి కుటుంబములకు పాతరీతి కుటుంబపెన్షను ఇత్తుమని తెలంగాణ ప్రభుత్వము 2021లో ఉత్తర్వు చేసెను. మంచిపని, 2004నుండి అంతవఱకు కన్నీటితో గడపిన యిండ్లవారు దాని విలువ నెఱుగుదురు. కాని విరమించి రెండేండ్లకు చనిపోయినవాని భార్య చేసిన నేరమేమి?

పంతుళ్లనగా సర్కారు పంతుళ్లే కారు. మా ఊళ్లలో ప్రైవేటుబడులలో చదువుచెప్పు ఆడపిల్లలు ఎందఱో యున్నారు. ఇరువదిమందియో అంతకు మించియో పనిచేయు సంస్థలకు ఉద్యోగుల భవిష్యనిధి చట్టము వర్తించును. దాని వెంబడి 1995వ సంవత్సరపు పెన్షను పథకమును వర్తించును. పదియేండ్లు సేవచేసిన వారికి దానివలన కనీసముగ వచ్చునది, 2014లో నిర్ణయించిన రీతిగ, నెలకు 1,000 రూపాయలు. చిన్నబడులు ఆ చట్టపు గడపకు వెలుపలనే యుండును. ఇవి చూచిన యువతి నాలుగేండ్లు చెప్పి మానును. ఆ స్థానమున వేఱొకతె వచ్చును. పిల్లవానికి ప్రతియేడు క్రొత్త పంతులమ్మ. ఇక సమగ్రశిక్ష కాంట్రాక్టు ఉద్యోగులు 2024 డిసెంబరులో సమ్మెచేసి ఏమడిగిరి? ఉద్యోగభద్రతయే యడిగిరి. పాతపెన్షనుకొఱకు పోరాడు మనసంఘములు వీరిని విడిచి తమమాట మాత్రమే చెప్పుకొనినచో, ప్రజలు వారివాదమును చెవిని పెట్టరు, పెట్టనక్కఱయులేదు.

పాతపెన్షను వచ్చినంతమాత్రమున సర్వము సమకూడునా? అట్లును కాదు. 2021లో విరమణవయస్సును 58నుండి 61కి పెంచుటవలన మూడేండ్లు ఆగిన విరమణలు 2024 మార్చినుండి మరల మొదలైనవి. అట్లు విరమించిన పాతపెన్షనువారు గ్రాట్యుటీ, కమ్యుటేషను, తాము దాచుకొనిన జి.పి.ఎఫ్. సొమ్ములకొఱకు నెలలతరబడి యెదురుచూచిరి. పలువురు హైకోర్టు నాశ్రయించిరి. హక్కు కాగితముపై నుండి చెల్లింపు లేనిచో ముసలివాని మందుబిళ్ల కొనబడదు. కావున హామీతోపాటు గడువును, గడువుదప్పిన వడ్డీని చట్టముగ చేయవలెను.

రాజకీయపక్షముల వాగ్దానములను గూర్చి ముక్తసరిగ చెప్పుదము. ఆంధ్రప్రదేశమున 2019 ఎన్నికలకు ముందు వారమురోజులలో ఈ పద్ధతిని రద్దుచేయుదుమనిరి. అధికారమునకు వచ్చిన పిదప 2023లో సగము జీతమునకు హామీయను వేఱొక చట్టము తెచ్చిరి. 2024లో ఆ ప్రభుత్వమే పోయినది. తెలంగాణమున 2023 ఎన్నికల ప్రణాళికలో పాతపెన్షను పునరుద్ధరింతుమని కాంగ్రెసువారు వ్రాసిరి. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, పంజాబ్ రాష్ట్రములు 2022లోను, హిమాచల్ ప్రదేశ్ 2023లోను మరలుదుమని ప్రకటించినవి. పశ్చిమబెంగాల్ మొదటినుండియు క్రొత్తపద్ధతిలో చేరనేలేదు. ఇరువదియేండ్లు ససేమిరా యనిన కేంద్రము సైతము 2024 ఆగస్టు 24న ఏకీకృత పెన్షను పథకమును ఆమోదించి 2025 ఏప్రిల్ 1నుండి అమలుచేసెను: 25 ఏండ్ల సేవకు, చివరి పండ్రెండు నెలల సగటు మూలవేతనములో సగము, పదియేండ్లు నిండినవారికి కనీసము 10,000, కుటుంబమునకు అందులో 60 పాళ్లు. దానిలో లోపములున్నవి, ఉద్యోగి వాటా కోత తప్పలేదు. ఐనను ఒక సత్యము బయటపడినది. హామీయిచ్చుట అసాధ్యమనినవారే హామీయిచ్చిరి. ఇక వాదము సాధ్యాసాధ్యములను గూర్చి కాదు. ఎంత, ఎవరికి, ఎప్పుడు అనుటను గూర్చియే.

మా కోరికలు స్పష్టముగ చెప్పుదుము. తుదిజీతములో సగమునకు తగ్గని పెన్షను, ధరలతో పెరుగు భత్యముతో, చట్టముచే హామీగ నుండవలెను. 2004 సెప్టెంబరు 1 అను గీత చెఱిగిపోవలెను. దానికొఱకు ఉద్యోగియు కొంత వాటా చెల్లింపవలెనని తేలినచో ఆ చర్చకు మేము వెనుదీయము. హామీలేని కోతను మాత్రమొప్పము. సర్కారు జాగువలన వయస్సు మీఱి చేరినవారికి ఆ జాగు లెక్కలోనికి రావలెను. విధవరాలి హక్కు భర్త యెన్నికపై నాధారపడరాదు. కాంట్రాక్టు ఉపాధ్యాయులకును ప్రైవేటుబడుల వారికిని బ్రతుకదగిన కనీసపెన్షను ఏర్పడవలెను. దీనికి ప్రతిగా పంతులు తనసగము ఒడంబడికను నెఱవేర్పవలెను: వేళకు బడి, ఒళ్లుదాచుకొనని పాఠము. పెన్షనుకొఱకు ధర్నాకు వెళ్లు శ్రద్ధతోనే తరగతికి వెళ్లువాని మాటకే ఊరు సాక్ష్యమిచ్చును.

గృహస్థులారా, ఇది ఉద్యోగులకును ప్రభుత్వమునకును నడుమనున్న తగవని ఊరకుండకుడు. మీ ఊరి బడిలో ఎవరు ఏ యేట చేరిరో, ఎవరికి ఏ పెన్షనున్నదో యడిగి తెలిసికొనుడు. ఓట్లడుగ వచ్చినవానిని ప్రణాళికలో వ్రాసిన మాట యేమైనదని ప్రశ్నింపుడు. మీ పిల్లను ప్రైవేటుబడిలో పంతులమ్మగ పంపుచున్నచో భవిష్యనిధి ఖాతా యున్నదా యని మొదటినాడే అడుగుడు. మీ బిడ్డకు ఓనమాలు దిద్దించిన చేయి ముదిమిలో ఎవనియెదుటను చాపబడకుండ చూచు పూచీ, సర్కారుతోపాటు, ఆ సర్కారు నెన్నుకొను మీది కూడ.